ఉచిత సంగీతం – కొన్ని ఆక్షేపణలు

డబ్బు పెట్టి కొంటేనే దేనికైనా విలువ అన్న సూత్రాన్ని సంగీతానికి కూడా అన్వయించే పెద్దమనుషులు మనలో చాలామందే ఉన్నారు. ఊరికే దొరికినదాన్ని జనం ఊరికే పారవేస్తారనీ, టికెట్టు లేని సభకు వచ్చేవాడు కబుర్ల కోసమో ప్రసాదం కోసమో వస్తాడనీ వీరి సిద్ధాంతం. దీన్ని ఖండించడానికే ఈ నాలుగు మాటలు. అలాగని, "ప్రవేశం ఉచితం" అని గుమ్మానికి అట్ట కట్టి చేతులు దులుపుకునేవారిని ఊరికే వదలబోవడం లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

అమెరికాలో ఐడహో రాష్ట్రపు కొండల నడుమ కెచమ్ అనే చిన్న పట్టణం ఉంది. హెమింగ్వే 1961లో కన్నుమూసిన ఊరు. దాన్ని ఆనుకునే సన్ వేలీ. మంచుమీద జారే క్రీడకోసం 1936లో ఏవరెల్ హారిమన్ పూనికతో యూనియన్ పసిఫిక్ రైలు కంపెనీ కట్టించిన విడిది అది. చలికాలంలో శ్రీమంతుల ఆటస్థలమైన ఆ కొండల్లో, 1980లలో మొదలై నేటివరకూ ప్రతి వేసవిలోనూ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతోత్సవం జరుగుతోంది. పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలలోని వాద్యకారులు తమ వేసవి విరామంలో వచ్చి వాయిస్తారు. విరాళాల సేకరణకని జరిపే ప్రత్యేక కచేరీని మినహాయిస్తే ప్రవేశరుసుము లేదు. 2008లో కట్టిన మంటపం ఒకటి ఉంది. దాని వెనుక విశాలమైన పచ్చిక. దుప్పటి పరుచుకుని, పులిహోర డబ్బా మూత తీసి (మన ప్రాణం అది), మాలర్ సింఫనీ వినవచ్చు. నేను విన్నాను.

పైన చెప్పిన సిద్ధాంతమే నిజమైతే అక్కడ సంత కనిపించాలి. నాకు కనిపించినది వేరు. గంటకు పైగా సాగే సింఫనీలో నెమ్మదిగా నడిచే భాగం వచ్చినప్పుడు, పచ్చికమీద ఆడుకుంటున్న పసివాణ్ణి తల్లి ఒళ్ళోకి లాక్కుని కూర్చున్నది. ఎవరూ కసరలేదు. హైదరాబాదులో వెయ్యి రూపాయల టికెట్టు కొన్న పక్కసీటాయన పల్లవి నడుస్తుండగా సెల్‌ఫోనులో స్థలం బేరమాడటమూ నేను విన్నదే. రసికత రసీదుతో పాటు చేతికి రాదు.

కొలరాడోలోని యాస్పెన్ మరింత మంచి సాక్ష్యం. వెండిగనులు మూతబడి పాడుపడిన ఆ ఊళ్ళో 1949లో వాల్టర్ పేప్కే అనే షికాగో పారిశ్రామికుడు గెటే ద్విశతజయంతి జరిపించాడు. ఆల్బర్ట్ ష్వైట్జర్ అంతటివాడు వచ్చి ప్రసంగించాడు. అక్కడి సంగీతోత్సవానికి మూలం అదే. నేడు రెండువేల మందికి పైగా పట్టే గుడారం లోపల కుర్చీకి టికెట్టు. బయట పచ్చికమీద కూర్చునేవారికి ఉచితం. లోపల మోగే వాద్యమే బయటా వినిపిస్తుంది. బయటివారికి ఆ స్వరం విలువ తగ్గి వినిపిస్తుందని ఎవరైనా నిరూపిస్తే నా వాదం వెనక్కి తీసుకుంటాను.

అసలు టికెట్టే సంగీతాన్ని పోషిస్తుందన్నది కూడా అపోహే. అమెరికాలోని పెద్ద ఆర్కెస్ట్రాలలో చాలావాటికి టికెట్ల రాబడి ఖర్చులో సగానికి కూడా చాలదు. మిగిలినది దాతల సొమ్ము, నిధులమీద వచ్చే ఆదాయం. కొనుక్కున్నామనుకునే శ్రోత కూడా పరుల సొమ్ముతోనే వింటున్నాడు. అతడికి లేని నామోషీ పచ్చికమీది వాడికి మాత్రం దేనికి?

ఇక రెండో ఆక్షేపణ. కెచమ్ పక్కనే జరిగే ఆ కచేరీ సాయంత్రం ఆరున్నరకు. ఆ ఊరి హోటళ్ళలో గదులు ఊడ్చేవారు, వంటవారు అక్కడ ఇల్లు అద్దెకు తీసుకోలేరు. చాలామంది లోయ దిగువన హేలీ, బెల్‌వ్యూ ఊళ్ళలోనో, ఇంకా దూరానో ఉండి వస్తారు. 2021లోనైతే పనివాళ్ళు ఒక పార్కులో గుడారాలు వేసుకోవడానికి అనుమతిస్తే ఎలా ఉంటుందని నగర పెద్దలు చర్చించవలసిన గతి పట్టింది. సాయంత్రం వేళ వాళ్ళు పనిలోనైనా ఉండాలి, ఇంటిదారిలోనైనా ఉండాలి. గుమ్మం దగ్గర డబ్బు అడగనంత మాత్రాన గుమ్మం దగ్గరయిపోదు. ఆ ఉత్సవం వారు స్థానిక బాలబాలికలకు రుసుము లేకుండా సంగీతం నేర్పుతున్నారు. నిజంగా లోయలోకి దిగినది ఆ పని అని నా అభిప్రాయం.

ఈ సంగతి ఐడహోకు వెళ్ళి తెలుసుకోనక్కరలేదు. తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధనకు టికెట్టు ఎన్నడూ లేదు. అయినా అక్కడ పాడటానికి స్త్రీలకు చోటు లేకపోయింది. ముద్దుపళని "రాధికా సాంత్వనం"ను 1910లో పరిష్కరించి ప్రకటించిన బెంగుళూరు నాగరత్నమ్మ, తన సొంత ఆర్జనతో 1920లలో త్యాగయ్య సమాధిమీద గుడి కట్టించింది. గుడి కట్టించినావిడకు అక్కడి పురుషుల సభలో పాటకు అనుమతి లేదు! ఆమె స్త్రీలతో వేరే ఆరాధన నడిపి, 1940ల నాటికి ఆ గోడ కూలేదాకా పట్టు విడవలేదు. ఖర్చు భరించిన దాతకే తలుపు మూసిన ఉత్సవం కూడా లెక్కప్రకారం ఉచితమే కదా.

మన ప్రవాసాంధ్రుల వేసవి సభల సంగతి చూడండి. ప్రవేశం ఉచితం. ముందు రెండు వరుసలు దాతలకు సోఫాలు. దాతలు వచ్చేదాకా గాయని తంబురా శ్రుతి సరిచూసుకుంటూ కూర్చోవాలి. ఆపైన జ్యోతి ప్రజ్వలనం, శాలువాలు, "రెండే నిమిషాలు" అంటూ ముప్పావుగంట ఉపన్యాసం. గొంతు కుదుటపడి రాగం విప్పేవేళకు హాలు గడువు అయిపోయిందని నిర్వాహకుడు చీటీ పంపుతాడు. దాతలంటే నాకు కోపం లేదు. డబ్బు లేనిదే మైకు మోగదు. కానీ సోఫాలో కూర్చునే హక్కుకు వెల కట్టినప్పుడు దాని పేరు టికెట్టే. ఆ మాట ఒప్పుకుని అట్టమీద రాయండి.

నేను వెళ్ళిన అటువంటి సభ ఒకదానిలో, వచ్చినవారందరికీ ఉదయంనుంచి వంట చేసిన ఆడవాళ్ళు ఐదుగురు. కచేరీ సాగినంతసేపూ వారు హాలు వెనుక గదిలో విస్తళ్ళు సర్దుతున్నారు. మంగళం వినబడగానే, ఇక అందరూ భోజనానికి వస్తారని, గిన్నెల మూతలు తీశారు.