చెట్టు ఎవరిది?

భారతీయ సంప్రదాయం సప్తసంతానాలను పేర్కొన్నది. తనయుడు, తటాకం, కావ్యం, నిధి, ఆలయం, వనం, అగ్రహారం అనే ఈ ఏడింటిలో వనానికి స్థానం లభించడం గమనార్హం. కన్నబిడ్డ వలెనే పెంచిన తోట కూడ మనిషి పేరు నిలుపుతుందని పూర్వుల విశ్వాసం. బాటల వెంట మర్రిచెట్లు నాటించినట్లు, మామిడితోటలు వేయించినట్లు అశోకుని శాసనమే చెపుతున్నది. అయితే ఇటువంటి పుణ్యకార్యాలలో నాటించినవాడు దాత, నీడన కూర్చున్నవాడు బాటసారి. గుంట తవ్వి, కడవతో నీరు మోసి, మేకల నుంచి మొక్కను కాపాడిన చేతుల ప్రసక్తి అరుదుగానే వినిపిస్తుంది. చెట్ల పెంపకంతో పల్లెల పేదరికాన్ని తగ్గించవచ్చునని చెప్పుకొనే ఈ కాలంలో మొదట వేయవలసిన ప్రశ్న ఆ చేతులకు సంబంధించినదే. చెట్టు ఎవరిది? దాని ఫలసాయం ఎవరికి చెందుతుంది?

ఈ ప్రశ్న గనుల సీమలో మరింత పదునుగా ఎదురవుతుంది. గోదావరికి ఉత్తరపు ఒడ్డున, సింగరేణి సంస్థ శ్రీరాంపూర్ ప్రాంతపు గనుల నడుమ నస్పూర్ ఉన్నది. నదికి ఆవల రామగుండం, గోదావరిఖని. ఈ నేల కడుపులోని బొగ్గు వేలాది కుటుంబాలకు అన్నం పెట్టిన మాట నిజం. కాని బొగ్గు ఒక్కసారే పండే పంట. తవ్విన చోట మళ్ళీ మొలవదు. యంత్రాలు పెరిగి, ఓపెన్‌కాస్ట్ గనులు విస్తరించిన కొద్దీ మనుషుల అవసరమూ తగ్గింది. 1990ల ఆరంభంలో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల స్థాయికి చేరింది. నెలజీతం వచ్చే క్వార్టరుకూ, వాన మీద ఆధారపడి పత్తి పండించే పొరుగు పల్లెలోని ఇంటికీ మధ్య అంతరం పెద్దది. ఆ పల్లెకు గని ఉద్యోగం దొరకదు. గని మూతపడిన తరువాత మిగిలేది ఆ పల్లె, దాని నేల మాత్రమే.

అటువంటి నేలకు తగిన మార్గాలలో వనసేద్యం ఒకటి. పైరునూ చెట్టునూ ఒకే భూమిలో, ఒకదానికొకటి తోడుగా పెంచడమే వనసేద్యం. గట్ల మీద టేకు, వెదురు; చాళ్ళ నడుమ దూరదూరంగా మామిడి, ఉసిరి, సీతాఫలం; వాటి మధ్య కంది, పెసర వంటి పైర్లు సాగుతాయి. పత్తి ఒక్కటే వేసిన రైతు ఒక్క వాన తప్పితే అప్పులపాలవుతాడు. లోతుగా వేరూనిన చెట్టు పైరు ఎండిన ఏడాది కూడ ఎంతో కొంత ఇస్తుంది. రాలిన ఆకు నేలకు ఎరువు అవుతుంది, కొమ్మ పొయ్యికి కట్టె అవుతుంది, మేత పశువుకు దక్కుతుంది. ఈ పనిని సొంత పొలానికే పరిమితం చేయక, ఊరి ఉమ్మడి భూములలోను, బంజర్లలోను గ్రామస్థులు కలసి చేసినప్పుడు భూమి లేని నిరుపేదకు కూడ అందులో చోటు దొరుకుతుంది. సామూహిక వనసేద్యానికి ఉన్న విశిష్టత ఇదే.

దీనికి నిదర్శనం దూరాన లేదు. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలో, నేటి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోకి వచ్చే జైనూరు మండలంలో, పవర్‌గూడ అనే చిన్న ఆదివాసి గూడెం ఉన్నది. అక్కడి మహిళా సంఘాలు కానుగ చెట్టును ఆసరా చేసుకున్నాయి. కానుగ మన పల్లెలకు కొత్తది కాదు. దాని రొట్టను వరిమడిలో తొక్కే అలవాటు తరతరాలది. పశువులు దానిని అంతగా మేయవు కనుక కంచె లేని చోట కూడ బతుకుతుంది. పప్పుజాతి వృక్షం కావడంచేత దాని వేళ్ళు నేలకు నత్రజనిని సమకూరుస్తాయి. గింజల నుంచి నూనె, నూనె తీయగా మిగిలిన పిండి నుంచి ఎరువు లభిస్తాయి. ఆ నూనెను డీజిలుకు బదులుగా యంత్రాలలో వాడవచ్చును. పవర్‌గూడ స్త్రీలు కానుగ మొక్కలు నాటారు. గింజలు అమ్మి ఊరుకోక గూడెంలోనే నూనె ఆడించారు. డీజిలుకు బదులు ఆ నూనె వాడడంవల్ల తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు ప్రతిఫలంగా 2003 అక్టోబరులో ప్రపంచబ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సదస్సు కారణంగా గాలిలో కలసిన కాలుష్యానికి పరిహారంగా ఆ కొనుగోలు జరిగింది.

అప్పటి మారకంలో ఆ సొమ్ము సుమారు 30 వేల రూపాయలు. ఒక గూడెం పేదరికాన్ని తీర్చడానికి అది ఏ మూలకూ చాలదు. ఆ సంఘటనను అద్భుతంగా చిత్రించడం సరికాదు. అందులోని విలువ సొమ్ము పరిమాణంలో లేదు, సొమ్ము చేరిన చోటులో ఉన్నది. మొక్క నాటినవారికే గింజ మీద హక్కు ఉన్నది. గింజ ఏరినవారి చేతిలోనే నూనె యంత్రమూ ఉన్నది. అందువల్ల చెట్టు ఇచ్చిన ప్రతి లాభమూ గూడెం దాటిపోకుండ గూడెంలోనే నిలిచింది.

హక్కు ఉన్న చోటనే చెట్టు నిలుస్తుందని ఇతర ప్రాంతాల అనుభవమూ చాటుతున్నది. పశ్చిమబెంగాలులోని మిడ్నాపూరు జిల్లా అరబారిలో 1970లలో అంతరించిపోతున్న సాల అడవిని కాపాడే పనిని అటవీ అధికారులు గ్రామస్థులకు అప్పగించి, కలప ఆదాయంలో 25 శాతం వారిదేనని మాట ఇచ్చారు. నరికిన చేతులే కావలి కాశాయి. ఆఫ్రికాలోని నైజర్ దేశంలో చెట్టు ప్రభుత్వ ఆస్తిగా ఉన్నంతకాలం రైతులు పొలంలో మొలిచిన మొక్కను పీకివేసేవారు. అది తమదేనన్న నమ్మకం కుదిరిన తరువాత, 1980ల నుంచి, నరికిన మోళ్ళ చిగుళ్ళనే పోషించి సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లను తిరిగి నిలబెట్టారు. ఆ మార్పుకు కోట్ల మొక్కల పంపిణీ అవసరం కాలేదు.

తెలుగునాట ఈ దిశలో ప్రయత్నాలు జరగకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. 2002లో ప్రపంచబ్యాంకు సహాయంతో సామాజిక అటవీ యాజమాన్య పథకం మొదలైంది. అనేకచోట్ల కొండలు పచ్చబడ్డాయి. కాని కొన్ని చోట్ల ఆదివాసుల పోడుభూములే సమితి ప్లాంటేషన్లుగా మారాయన్న విమర్శా వచ్చింది. పేదవాని సాగుభూమిని తీసుకొని పేదరిక నిర్మూలనకు మొక్కలు నాటడం కొమ్మ మీద కూర్చుని మొదలు నరకడం వంటిది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద అటవీవాసులకు యాజమాన్యపు హక్కును, ఊరి అడవిని కాపాడుకొనే సామూహిక హక్కును గుర్తించింది. వనసేద్యానికి ప్రత్యేకంగా జాతీయ విధానాన్ని భారతదేశం 2014లో ప్రకటించింది. చట్టానికి లోటు లేదు; దానిని ఊరి గడపదాకా తేవడంలోనే లోటు ఉన్నది.

ఈ మార్గానికి అభ్యంతరాలు చెప్పేవారూ ఉన్నారు. వాటిలో బలమైనది కాలానికి సంబంధించినది. కానుగ కాపుకు నాలుగైదు ఏళ్ళు, టేకుకు రెండు దశాబ్దాలకు పైగా పడుతుంది. రేపటి కూలి దొరికితే తప్ప పొయ్యి వెలగని కుటుంబం అంతకాలం ఎలా ఆగగలదు? ఈ ప్రశ్నను తోసిపుచ్చరాదు. తొలి సంవత్సరాలలో అంతరపంటలు ఇంటికి గింజలు ఇవ్వాలి. గుంట తవ్వినందుకూ, మొక్కకు నీరు పోసినందుకూ ఉపాధి హామీ వంటి పథకాల నుంచి కూలి రావాలి. ఈ వంతెన లేకుండ చెట్టు పెట్టమనడం ఆకలిగొన్నవానికి మామిడి టెంక ఇవ్వడమే అవుతుంది.

రెండవ అభ్యంతరం అంగడికి సంబంధించినది. జట్రోఫా గింజలు ఇంధన సమస్యను తీరుస్తాయని 2003 ప్రాంతంలో గొప్పగా ప్రచారం జరిగింది. దిగుబడి ఆశించినట్లు రాక అది చల్లబడింది. సిర్పూరు కాగజ్‌నగర్‌లోని కాగితపు మిల్లు 2014లో మూతపడి 2018 వరకు తెరుచుకోలేదు. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు కర్ర పెంచిన రైతు గతి ఏమిటో ఊహించవచ్చు. కనుక ఒకే జాతి, ఒకే మిల్లు అన్న పద్ధతి తగదు. అరకులో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్ల మాను మీద మిరియాల తీగ పెరుగుతున్నాయి. ఒక పంట ధర పడినా మరొకటి ఆదుకుంటుంది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడ లభించింది.

ఇక నస్పూర్ వంటి చోట్ల చేయవలసిన పని స్పష్టం. ఓపెన్‌కాస్ట్ గనులు తోడిపోసిన మట్టిగుట్టల మీద, ఖాళీ భూములలో సింగరేణి సంస్థ మొక్కలు నాటుతున్నది. అది హర్షణీయం. ఆ మొక్కల సంరక్షణను పొరుగు పల్లెల మహిళా సంఘాలకు అప్పగించి, ఫలసాయాన్ని రాతపూర్వకంగా వారికే ఇవ్వడం తదుపరి మెట్టు కావాలి. భూమి అడవిదైన చోట అటవీశాఖ సమ్మతి పొందాలి. కానుగ, ఉసిరి, వెదురు, చింత వంటి ఉపయోగకరమైన జాతులను ఎన్నుకోవాలి. గింజ ఆడించే యంత్రం, పండు నిలువచేసే చిన్న గది ఊరిలోనే ఉండాలి. నాటిన రోజు మొక్కలను లెక్కించి పత్రికకు ఇవ్వడంకన్న, ఐదవ ఏట బతికి ఉన్న చెట్లనూ, వాటివల్ల ఒక్కొక్క ఇంటికి చేరిన రూపాయలనూ లెక్కించి గ్రామసభలో చదవడం మేలు.

బొగ్గు ఉన్నంతవరకు గని ఉంటుంది. గని నుంచి వచ్చే ఆదాయం చేతిలో ఉండగానే ఈ చెట్లను నాటాలి. కాపు రావడానికి పట్టే ఏళ్ళను గడపడానికి కావలసిన కూలి ఆ ఆదాయం నుంచే లభించగలదు. గని మూతపడిన తరువాత ఆలోచన మొదలుపెడితే ఆ ఐదేళ్ళ ఆకలిని మోయవలసినది ఆ పల్లెల పేదలే.