లోపం సాఫ్ట్‌వేర్‌ది కాదు, అమరికది

సంపాదకులకు,

పల్లెల ఇంటర్నెట్ మీద మీరు వేసిన వ్యాసంలో, ఉచిత రౌటింగ్ సాఫ్ట్‌వేర్‌తో ప్యాకెట్లను లేబుళ్ళు చూసి పంపే ఎంపీఎల్ఎస్ పద్ధతి నడవదనీ, ఖరీదైన రౌటర్లే కొనాలనీ రాశారు. ఇది తప్పు.

2015లో వచ్చిన 4.1 వెర్షన్ నుంచే లినక్స్ కెర్నెల్ లేబుల్ ప్యాకెట్లను ముందుకు పంపగలదు. లేబుళ్ళ పంపకాన్ని ఉచిత రౌటింగ్ సాఫ్ట్‌వేర్ ఎఫ్ఆర్ఆర్‌లోని ఎల్‌డీపీ డెమన్ చూసుకుంటుంది. అయితే డెమన్‌ని ఆన్ చేసి వదిలేస్తే సరిపోదు. కెర్నెల్‌లో లేబుళ్ళ పట్టిక పరిమాణం మొదట సున్నా ఉంటుంది, దాన్ని పెంచాలి. లేబుల్ ప్యాకెట్లను తీసుకోమని ఒక్కో ఇంటర్‌ఫేస్‌కూ విడిగా చెప్పాలి. ఇంటర్‌ఫేస్ సంగతి మరిచిపోతే పొరుగు రౌటర్‌తో సెషన్ చక్కగా నిలబడుతుంది, లేబుళ్ళతో వచ్చిన ప్యాకెట్లు మాత్రం అక్కడే పడిపోతాయి. తిట్లు సాఫ్ట్‌వేర్‌కు! సెషనే నిలబడకపోతే ఫైర్‌వాల్‌లో 646 పోర్టు యూడీపీకీ టీసీపీకీ తెరిచి ఉందా, లూప్‌బ్యాక్ చిరునామా రౌటింగ్ ప్రోటోకాల్ అయిన ఓఎస్‌పీఎఫ్ ద్వారా అవతలికి చేరుతోందా అని చూడాలి.

ఫైబర్ తెగితే ఎల్‌డీపీయే కొత్త దారి వెతుకుతుందన్న మీ వ్యాసం మాటా సరికాదు. దారి ఎంచేది ఓఎస్‌పీఎఫ్. ఎల్‌డీపీ ఆ దారికి లేబుళ్ళు అతికిస్తుంది, అంతే.

2023లో కేంద్రం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ పథకం గ్రామ పంచాయతీల దాకా ఎంపీఎల్ఎస్ రౌటర్లు పెడతామంటోంది. గంగవరం, బైరెడ్డిపల్లె పిల్లలు రెండు పాత కంప్యూటర్ల మీద ఈ పని నేర్చుకోవచ్చు. లక్షల రౌటర్ లేనిదే కుదరదని వాళ్ళను వెనక్కి నెట్టకండి. వచ్చే సంచికలో సవరణ వేయండి.

- ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్, పలమనేరు, చిత్తూరు జిల్లా