గడియారాలు పది, టైమ్ ఒక్కటే: మీడియా సంస్థల గురించి వికీపీడియా ఎలా రాయాలి?

2025 నవంబరు 4న కోర్బా నుంచి బిలాస్‌పూర్ వస్తున్న మెము రైలు, ఊరి దగ్గర్లోనే గూడ్సు బండిని ఢీకొట్టింది. మొదటి గంటల్లో వార్తల్లో కనిపించిన మృతుల సంఖ్య మర్నాటికి 11కు పెరిగింది. బిలాస్‌పూర్ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ తెలుగు కుటుంబాలు స్థిరపడ్డ రైల్వే ఊరు. అక్కడ ఏదైనా జరిగితే ఒకే ఇంట్లో వార్తను హిందీలో, ఇంగ్లీషులో, తెలుగులో చూస్తారు. మూడింటిలోనూ ఒకే సంఖ్య కనిపిస్తే నమ్మకం కుదురుతుంది. కానీ ఆ మూడూ ఒకే వార్తా ఏజెన్సీ పంపిన కాపీ నుంచి వచ్చినవైతే?

పెద్ద రైల్వే స్టేషన్లలో ప్లాట్‌ఫారాల మీది గడియారాలు సాధారణంగా ఒక మాస్టర్ గడియారానికి లోబడి నడుస్తాయి. మాస్టర్ రెండు నిమిషాలు వెనకబడితే అన్నీ రెండు నిమిషాలు వెనకబడతాయి. ప్రయాణికుడు ఒకటో ప్లాట్‌ఫారం నుంచి ఆరో దాని దాకా తిరిగి ఆరు గడియారాలు చూసుకున్నా అతనికి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఫిజిక్స్ ల్యాబులో మొదటి ఏడాదే చెప్పే సంగతి ఇది. కొలతలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే, ఎక్కువసార్లు కొలిచినకొద్దీ సగటులో పొరపాటు తగ్గుతుంది. పరికరంలోనే దోషం ఉంటే వందసార్లు కొలిచినా అదే దోషం మరింత ధీమాగా కనిపిస్తుంది.

వికీపీడియాలో మీడియా సంస్థల గురించిన వ్యాసాలకు పట్టిన చిక్కు సరిగ్గా ఇదే. విజ్ఞాన విషయాల్లో ఆ విజ్ఞానసర్వస్వం మొదట్లోనే మంచి మార్కులు తెచ్చుకుంది. 2005లో నేచర్ పత్రిక 42 సైన్సు వ్యాసాలను నిపుణుల చేత పరిశీలింపజేస్తే, సగటున ఒక్కో వ్యాసానికి వికీపీడియాలో నాలుగు, బ్రిటానికాలో మూడు తప్పులు తేలాయి. సైన్సుకు పరిశోధన పత్రికలు, పాఠ్యపుస్తకాలు, మళ్లీ చేసి చూడగల ప్రయోగాలు ఉన్నాయి. వర్తమాన వ్యవహారాలకు వచ్చేసరికి వికీపీడియా ఎక్కువగా ఆధారపడేది పత్రికల మీద. మరి వ్యాసం రాయాల్సింది పత్రిక గురించే అయినప్పుడు? కొలిచే పరికరమే కొలవాల్సిన వస్తువు అయిపోతుంది.

ఈ చిక్కు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కింది. ఏషియన్ న్యూస్ ఇంటర్నేషనల్, అంటే ఏఎన్ఐ, 1971లో ప్రేమ్ ప్రకాశ్ స్థాపించిన ఏజెన్సీ. దేశంలో అనేక చానళ్లకు, పత్రికలకు వీడియోలు, వార్తలు అందిస్తుంది. ఇంగ్లీషు వికీపీడియాలో దాని వ్యాసంలో, అది కేంద్ర ప్రభుత్వానికి ప్రచార సాధనంగా పనిచేస్తోందన్న ఆరోపణలు, నకిలీ వార్తా వెబ్‌సైట్ల సామగ్రిని పంపిణీ చేసిందన్న ఆరోపణలు ఉన్నాయి. ఇది పరువు నష్టమంటూ 2024 జులైలో ఏఎన్ఐ వికీమీడియా ఫౌండేషన్ మీద 2 కోట్ల రూపాయలకు దావా వేసింది. ఆగస్టులో కోర్టు, ఆ మార్పులు చేసిన ముగ్గురు వాడుకరుల వివరాలు బయటపెట్టమంది. అక్టోబరులో, ఈ కేసు గురించే వికీపీడియాలో వెలసిన వ్యాసాన్ని తొలగించమంది. 2025 ఏప్రిల్ 17న సుప్రీంకోర్టు, ఏఎన్ఐ వ్యాసంలోని వాక్యాలను తీసేయమన్న మధ్యంతర ఉత్తర్వును మరీ విస్తృతంగా ఉందంటూ పక్కన పెట్టింది. ఏఎన్ఐ మళ్లీ దరఖాస్తు చేసుకునే వీలు మాత్రం మిగిల్చింది. మే 9న, కేసు గురించిన వ్యాసాన్ని తీసేయమన్న ఉత్తర్వునూ కొట్టేసింది.

సుప్రీంకోర్టు చేసింది సబబే. అయితే తొలగింపు ఆగినంత మాత్రాన ఆ వ్యాసం తటస్థమైందని అనుకోనక్కర్లేదు. ఆ వ్యాసానికి ఆధారమైన మూలాల్లో ఒకటి 2020 డిసెంబరులో ఈయూ డిస్‌ఇన్ఫోల్యాబ్ విడుదల చేసిన నివేదిక. దాని గురించి బీబీసీ రాసింది, భారతీయ వెబ్‌సైట్లూ రాశాయి. వాటన్నిటినీ వాక్యం చివర వరసగా పేర్చితే పుష్కలంగా ఆధారాలున్నట్టు కనిపిస్తుంది. కానీ విలేఖరి తానుగా మరికొంత తవ్వి రాసిన కథనాన్ని మినహాయిస్తే, లెక్కకు వచ్చేది ఒక్క నివేదికే. మిగతావన్నీ ప్లాట్‌ఫారం గడియారాలు. అప్పుడు నిజాయితీగా రాయాల్సిన వాక్యం ఇలా ఉంటుంది: ఫలానా సంస్థ ఫలానా ఏడాది నివేదికలో ఈ మాట అంది, ఏఎన్ఐ దీన్ని అబద్ధమంటూ కోర్టుకెళ్లింది. ‘ఆరోపణలు ఉన్నాయి’ అని కర్త లేకుండా రాస్తే పాఠకుడికి ఆ బరువు ఎంతో తెలియదు. పత్రికాఫీసుల్లో పాతకాలపు సబ్‌ఎడిటర్లు ఇలాంటి వాక్యం కనిపిస్తే ‘ఎవరన్నారు?’ అని మార్జిన్‌లో రాసి తిప్పి పంపేవారు.

ఏఎన్ఐ ఫిర్యాదులో ఇంకో సంగతి ఉంది. తమ వైపు నుంచి జరిగిన దిద్దుబాట్లను వెనక్కి తిప్పేశారని, పేజీని అనుభవజ్ఞులైన వాడుకరులు మాత్రమే దిద్దేలా బిగించారని. వినడానికి అన్యాయంగానే ఉంటుంది. కానీ ఏ సంస్థ అయినా తన గురించిన వ్యాసాన్ని తానే దిద్దుకోవడం, విద్యార్థి తన జవాబు పత్రాన్ని తానే దిద్దుకోవడం లాంటిదే. అభ్యంతరం ఉంటే చర్చ పేజీలో, ఫలానా వాళ్లమని చెప్పుకుని, ఆధారం చూపి అడగాలి. డబ్బు తీసుకుని దిద్దేవాళ్లు ఆ సంగతి వెల్లడించాలని 2014లో వికీమీడియా తన వాడుక నిబంధనల్లోనే చేర్చింది. ఈ విషయంలో పెద్ద సంస్థలేమీ అతీతం కాదు. 2007లో వికీస్కానర్ అనే పరికరం వచ్చినప్పుడు బీబీసీ, న్యూయార్క్ టైమ్స్ కంప్యూటర్ల నుంచి జరిగిన ఆకతాయి దిద్దుబాట్లూ బయటపడ్డాయి.

తెలుగుకు వస్తే సమస్య మరో రూపంలో ఉంది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో రామోజీరావు ప్రారంభించిన ఈనాడు, 2008లో వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ప్రారంభించిన సాక్షి ఒకదాని యాజమాన్యం గురించి ఒకటి ఎంత రాసుకున్నాయో తెలుగు పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఈనాడు వ్యాసానికి సాక్షి కథనాలు, సాక్షి వ్యాసానికి ఈనాడు కథనాలు మూలాలైతే అవి వ్యాసాలు కావు, ఎన్నికల కరపత్రాలు. ‘అయితే చెరి సగం పెడదాం’ అనేవాళ్లుంటారు. ఒక గడియారం పది నిమిషాలు ముందూ మరొకటి ఎంతో తెలియనంత వెనకా ఉంటే, రెండింటి సగటు సరైన టైమ్ అవుతుందా? తటస్థత అంటే ఇద్దరు ప్రత్యర్థుల మధ్య నడిమి గీత అనుకోవడం చాలా సులువైన పొరపాటు. ఇద్దరికీ సంబంధం లేని మూడో చోటు వెతకాలి: కోర్టు తీర్పు, రిజిస్ట్రేషన్ పత్రం, స్టాక్ ఎక్స్ఛేంజికి ఇచ్చిన ప్రకటన, విశ్వవిద్యాలయ పరిశోధన.

అలాంటి మూడో చోటు ఎంత ఉపయోగమో బిలాస్‌పూర్ నుంచి హౌరా లైన్లో కాస్త తూర్పుకు వెళ్తే అర్థమవుతుంది. బరదర్హా దగ్గర డీబీ పవర్ వారి 1200 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది. డీబీ అంటే దైనిక్ భాస్కర్. హిందీలో దేశంలోని అతి పెద్ద పత్రికల్లో ఒకటైన ఆ గ్రూపు పేరే దీనికీ. 2022 ఆగస్టులో దీన్ని సుమారు 7,017 కోట్లకు కొంటున్నట్టు అదానీ పవర్ ఎక్స్ఛేంజీలకు తెలియజేసింది. 2023 ఫిబ్రవరిలో ఆ ఒప్పందం గడువు తీరి ఆగిపోయింది. పత్రిక నడిపేవారికి విద్యుత్ కేంద్రం ఉండటం నేరమేమీ కాదు. ఆ పత్రికలో బొగ్గు గురించి వచ్చే ప్రతి వార్తా వంకరదని కూడా దీన్నిబట్టి తేల్చకూడదు. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊళ్లో, పగలూ రాత్రీ బొగ్గు రేకులు కదిలే ఊళ్లో, గాలి నాణ్యత గురించీ బూడిద గురించీ వార్త చదివే మనిషికి మాత్రం ఈ ఒక్క వాక్యం తెలిసి ఉండాలి. విశేషణం ఒక్కటీ అక్కర్లేదు. యాజమాన్యం, మెగావాట్లు, తేదీ చాలు.

అంకెల విషయంలోనూ అంతే. ‘అత్యధిక సర్క్యులేషన్ గల పత్రిక’ అన్న మాట దాదాపు ప్రతి పత్రికా ఏదో ఒక రూపంలో వాడుకుంటుంది. అమ్ముడైన ప్రతులను ఆరు నెలలకోసారి ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ లెక్కిస్తుంది. చదివేవారి సంఖ్యను శాంపిల్ సర్వేతో అంచనా వేసేది ఇండియన్ రీడర్‌షిప్ సర్వే. 2019 చివరి త్రైమాసికం అంకెల తర్వాత అది ఏళ్ల తరబడి నిలిచిపోయింది. ప్రతి వేరు, పాఠకుడు వేరు. ఒక ప్రతిని ఇంట్లో నలుగురు చదవొచ్చు, టీకొట్లో నలభై మంది తిరగేయొచ్చు. ఏ కొలత, ఏ ఆరు నెలలది అని చెప్పని అంకె యూనిట్లు రాయని రీడింగ్ లాంటిది, ల్యాబులో దానికి సున్నా వేస్తారు.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఇప్పుడు లక్ష వ్యాసాలు దాటింది. రాసేవాళ్లు మాత్రం కొద్దిమందే. వాళ్లకు ఎక్కువగా దొరికేది సంస్థ సొంత వెబ్‌సైటు. దానికంటే గట్టి మూలం పాత పేపర్ల కట్టల్లో ఉంది. పాత చట్టం కింద ప్రతి పత్రికా ఏటా ఫిబ్రవరి ముగిశాక ఫారం-4 పేరుతో ఒక ప్రకటన అచ్చు వేసేది. ప్రచురణకర్త ఎవరు, సంపాదకులు ఎవరు, పెట్టుబడిలో ఒక శాతానికి మించి వాటా ఉన్నవారెవరు అన్నీ చిన్న అక్షరాల్లో అందులో ఉంటాయి. ఎవరూ చదవని మూల అది. బిలాస్‌పూర్ తెలుగు ఇంట్లోనో విజయనగరం గ్రంథాలయంలోనో పాత మార్చి నెల పేపర్లుంటే, ఆ ప్రకటనను పత్రిక పేరు, ఎడిషన్, తేదీ, పేజీ నంబరుతో సహా చర్చ పేజీలో పెట్టవచ్చు.