పడడం నేర్పినవారికి ఒక శాలువా



తెలుగు పండితుడిగా పనిచేసిన ముప్ఫై మూడేళ్లలో ఎన్ని పాఠాలు చెప్పానో నాకు లెక్క లేదు. ఎన్ని సన్మానపత్రాలు రాశానో మాత్రం లెక్క ఉంది. అరవై నాలుగు. ఏ అధికారికి బదిలీ అయినా, ఏ దాత బడికి గోడగడియారం ఇచ్చినా "అయ్యవారూ, నాలుగు పద్యాలు కట్టివ్వండి" అంటూ మనిషి వచ్చేవాడు. నేను కాదన్న పాపాన పోలేదు. సీసంలో సుగుణాలు గుదిగుచ్చి, కింద ఒక ఆటవెలది తగిలించి, వాన చినుక్కి మొహం వాచిన ఈ అనంతపురం సీమలో కల్పవృక్షాలనూ కామధేనువులనూ ధారాళంగా పంచిపెట్టాను.

ఆ నకళ్లన్నీ ఒక ట్రంకుపెట్టెలో ఉన్నాయి. మొన్న బూజు దులుపుతూ ఒక్కొక్కటే తిరగేశాను. అరవై నాలుగింటిలో ఒక్కదానిలోనూ మా బడిలో పిల్లలకు జూడో నేర్పిన డ్రిల్లు మాస్టారి పేరు లేదు. ఈ టపా ఆ లోటు గురించి.

తొంభైల తొలినాళ్లలో ఆయన మా పాఠశాలకు వచ్చారు. కబడ్డీ, వాలీబాల్ తప్ప మరో ఆట ఎరుగని ఊరు మాది. ఏదో శిక్షణశిబిరంలో నేర్చుకున్న జూడోను పిల్లలకు నేర్పుతానన్నారాయన. దానికి పరుపులు కావాలి. బడిలో సుద్దముక్కలకే దిక్కు లేదు. ఆయన మిల్లు నుంచి చెనక్కాయ పొట్టు తెచ్చి, గోనెసంచుల్లో కూరి, వరసగా పరిచి, పైన లారీవాళ్లు పారేసిన టార్పాలిన్ బిగించి కట్టారు. అదే మా గోదా. మొదటి రెండు నెలలూ పిల్లలకు ఒక్క పట్టు కూడా నేర్పలేదు. ఊరికే పడమనేవారు. వెనక్కి పడడం, పక్కకి పడడం, దొర్లి లేవడం, మళ్లీ పడడం.

నేను వరండాలో నిలబడి నవ్వాను. "పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదన్న సామెతకు ఇదేనా సార్ మీ భాష్యం?" అన్నాను. ఆయన కూడా నవ్వి, "పడడం రానివాడికి భయం సార్. భయమున్నవాడు ఎదుటివాణ్ణి పట్టుకుని వదలడు. అప్పుడు ఇద్దరికీ దెబ్బ తగులుతుంది" అన్నారు. ఆ మాటలో ఎంత ఉందో తెలుసుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ గోదాలో పడుతూ లేస్తూ ఒక పిల్ల పెరిగింది. చెనక్కాయ పంట పోయిన ఏడల్లా ఆమె తల్లిదండ్రులు కూలికి బెంగుళూరు పోయేవారు. ఆ పిల్ల అవ్వ దగ్గర ఉండి చదువుకునేది. రాష్ట్రస్థాయిలో పతకం తెచ్చింది. ఊరు ఊరంతా కదిలింది, సభ పెట్టారు. పత్రం రాసింది నేనే. అందులో సభాధ్యక్షులున్నారు, దాతలున్నారు, ఆ పిల్లను ఝాన్సీరాణితో పోల్చిన ఒక చంపకమాల కూడా ఉంది. మాస్టారు వేదిక మీద లేరు. వేపచెట్టు కింద, పిల్లల చెప్పులకూ సంచులకూ కాపలాగా నిల్చున్నారు. నాకు కనబడుతూనే ఉన్నారు. చదివేటప్పుడు ఒక్క వాక్యం కలిపి ఉంటే సరిపోయేది. ఛందస్సు చెడుతుందనుకున్నానో ఏమో, కలపలేదు. సభ అయ్యాక ఆయనే వచ్చి "పత్రం బాగుంది సార్" అన్నారు. ఇప్పుడాయన లేరు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒక కొత్త ఆట ఒక దేశంలో వేళ్లూనుకుంటే ఆ గౌరవం ఎవరికి చెందాలి? పతకం తెచ్చినవారికి చెందాలనడంలో నాకు విరోధం లేదు. వారితోనే ఆగిపోవడంలో విరోధం ఉంది.

జూడో పుట్టుకే చూడండి. 1882లో కానో జిగోరో అనే యువకుడు తోక్యోలోని ఏషోజీ అనే ఆలయంలో పన్నెండు చాపలు పరిచిన గదిలో దీన్ని మొదలుపెట్టాడు. ఆయన వస్తాదు మాత్రమే కాదు, మన కోవకు చెందిన అయ్యవారు. సాహిత్యం చదువుకున్నాడు, ఉపాధ్యాయులను తయారుచేసే తోక్యో ఉన్నత పాఠశాలకు ఏళ్ల తరబడి ప్రధానాచార్యుడిగా ఉన్నాడు. ఆయన చెప్పిన సూత్రాలు రెండు. ఉన్న శక్తిని వృథా చేయక మంచికి వాడడం ఒకటి, తానూ ఎదుటివాడూ కలిసి బాగుపడడం రెండోది. ఆటకు ముందూ వెనకా ఇద్దరూ ఒకరికొకరు వంగి నమస్కరించడం ఇందుకే. గౌరవమనేది ఈ ఆటకు అలంకారం కాదు, వ్యాకరణం.

ఇది మన దేశానికి వచ్చింది కూడా ఒక కవి చలవ వల్లనే. రవీంద్రనాథ ఠాగూరు 1905లో సానో జిన్నోసుకే అనే జపానీ గురువును శాంతినికేతనానికి రప్పించి జుజుత్సు నేర్పించారు. 1929లో తకగాకి షింజోను పిలిపించారు. ఆడపిల్లలూ నేర్చుకోవాలన్నారు. గురువుకు భృతి, వసతి, శిక్షణకు స్థలం, అన్నీ కవి నెత్తిన వేసుకున్నారు. ఆ తర్వాత చాలా కాలానికి, 1960లలో, దేశానికి జూడో సమాఖ్య ఏర్పడింది. 1966లో తొలి జాతీయ పోటీలు మన హైదరాబాదులోనే జరిగాయి. 1986లో సియోల్ ఆసియా క్రీడల్లో జూడో తొలిసారి చేరినప్పుడు మనవాళ్లు నాలుగు కాంస్యాలు తెచ్చారు. ఠాగూరును కవిగా, నోబెల్ గ్రహీతగా చెప్పే పాఠాలు వందసార్లు చెప్పాను. జూడో గురువుకు బస చూపించిన మనిషిగా ఒక్కసారీ చెప్పలేదు.

"ఇది పరాయి ఆట కదా, మన కుస్తీ ఉండగా దీనికెందుకింత హంగామా" అనే పెద్దలున్నారు. వారికి ఒక మాట. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కృష్ణదేవరాయలు ప్రతి ఉదయం నువ్వులనూనె తాగి, ఒంటికి పట్టించి, సాము చేసి, తన మల్లుల్లో ఒకరితో పెనుగులాడేవాడని రాశాడు. ఆ రాజ్యానికి తర్వాత రాజధాని అయిన పెనుకొండ మా పక్కనే ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టాక శ్రీసత్యసాయి జిల్లాకు వెళ్లిందిగానీ కొండ కదల్లేదు. పట్టు తెలిసిన నేల ఇది. తాలింఖానాలు మూతబడి, గరిడీ సాములు పీర్ల పండుగకు పరిమితమైన చోట, జూడో కొత్త బట్టలు వేసుకుని వచ్చిన పాత చుట్టమే తప్ప పరాయిది కాదు.

మరో మాట కూడా అంటారు. "నిజమైన గురువు సన్మానం కోరడు" అని. నిజమే, కోరడు. ఆయన కోరకపోవడం ఆయన గొప్పతనం. ఆ గొప్పతనాన్ని అడ్డం పెట్టుకుని మనం ఇవ్వకపోవడం మన పిసినారితనం. ఈ రెంటినీ కలిపేసి ఎన్నేళ్లుగా హాయిగా ఉన్నామో!

ఆలస్యమైన గౌరవం ఎలా ఉంటుందో చెప్పే రెండు కథలు ఈ ఆటలోనే ఉన్నాయి. ఫుకుదా కేకో అనే ఆవిడ కానో దగ్గరే నేర్చుకుని, పెళ్లి మానుకుని, జీవితమంతా స్త్రీలకు జూడో నేర్పింది. 1953లో అయిదో డాన్ వచ్చింది. ఆపైన స్త్రీలకు మెట్టు లేదన్నారు. ఆరో డాన్ 1972లో గానీ రాలేదు. పందొమ్మిదేళ్లు ఒకే మెట్టు మీద నిలబడి కూడా ఆమె నేర్పడం ఆపలేదు. 2011లో అమెరికా జూడో సంస్థ పదో డాన్ ఇచ్చేనాటికి ఆమెకు తొంభై ఎనిమిదేళ్లు.

రెండో ఆవిడ రస్టీ కానొకోగి, న్యూయార్కు మనిషి. 1959లో జుట్టు కత్తిరించుకుని, మగవాడి వేషంలో పోటీకి దిగి గెలిచింది. ఆడదని తెలిసి పతకం వెనక్కి తీసుకున్నారు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. ఇల్లు తాకట్టు పెట్టి 1980లో న్యూయార్కులో స్త్రీల తొలి ప్రపంచ జూడో పోటీలు జరిపించింది. 1992 నుంచి ఒలింపిక్స్‌లో స్త్రీల జూడో పూర్తి హోదాతో ఉంది. నాడు తీసుకున్న పతకానికి బదులు 2009 ఆగస్టులో ఆమెకు పతకం ఇచ్చారు. ఆ నవంబరులోనే ఆమె కన్నుమూసింది. యాభై ఏళ్ల ఆలస్యం, మూడు నెలల అనుభవం! అయినా ఆమె చేతికి అందింది. మా మాస్టారికి అదీ లేదు.

ఇక మా ఊరి సంగతి. 1969లో ఈ కరువు సీమకు వచ్చి, 2009లో ఇక్కడే మట్టిలో కలిసిన విన్సెంట్ ఫెర్రర్ పేరు చెబితే మా పల్లెల్లో చేతులు జోడించనివారు అరుదు. ఆయన నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అనంతపురంలో కట్టిన క్రీడాగ్రామంలో క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, టెన్నిస్‌లతో పాటు జూడోకూ చోటిచ్చారు. 2010లో టెన్నిస్ బడి ప్రారంభానికి రఫెల్ నాదల్ వచ్చినప్పుడు పత్రికలు నిండిపోయాయి. 2024లో అక్కడ దులీప్ ట్రోఫీ జరిగితే ఊరు ఊరంతా మైదానం వైపే నడిచింది. తప్పు లేదు. కానీ అదే ఆవరణలో, జూడో చాపల మీద పల్లెపిల్లలు చప్పుడు చేస్తూ పడి లేస్తున్నప్పుడు చూడడానికి వెళ్లినవారం ఎందరం? గుంపు లేని చోట రోజూ తెల్లవారుజామున దీపం వేసి తలుపు తీసేవాడే ఒక ఆటను బతికిస్తాడు.

2024 సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కపిల్ పర్మార్ కాంస్యం గెలిచాడు. పారాలింపిక్ జూడోలో భారతదేశానికి అదే తొలి పతకం. మధ్యప్రదేశ్‌లోని సెహోర్ ప్రాంతపు కుర్రవాడు. చిన్నతనంలో పొలం దగ్గర నీటిమోటారు ముట్టుకుని కరెంటు షాకు తగిలి, క్రమంగా చూపు కోల్పోయాడు. టీ అమ్మాడు. బోరుమోటార్ల మధ్య బతికే మా రైతులకు ఆ ప్రమాదం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. చూపు లేనివారి జూడోలో ఇద్దరూ ఒకరి దుస్తులు ఒకరు పట్టుకున్నాకే ఆట మొదలవుతుంది. చూపించి నేర్పడం కుదరదు. గురువు ప్రతి పట్టునూ తన ఒంటి మీద వేయించుకుని, తాను వందసార్లు కిందపడి నేర్పాలి. ఆ కాంస్యంలో అలా పడినవారి ఒళ్లునొప్పులు ఎన్ని ఉన్నాయో!

దేశం గురువులను పూర్తిగా మరిచిందని నేననను. 1985లో ద్రోణాచార్య పురస్కారం నెలకొల్పారు. 2018లో జూడో శిక్షకుడు జీవన్ కుమార్ శర్మకు అది దక్కింది. అయితే ఢిల్లీ దాకా వెళ్లే దారిలో ప్రతి ఊళ్లోనూ ఒక చెనక్కాయ పొట్టు గోదా ఉంటుంది. ఢిల్లీకి అది కనబడదు. కనబడవలసింది మనకు. శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తినాయుడి పేరిట క్రీడాప్రాంగణం ఉంది, సంతోషం. బలవంతుణ్ణి గుర్తుపెట్టుకోవడం మనకు చేతనవును. బలం నేర్పినవాణ్ణి గుర్తుపెట్టుకోవడం ఇంకా నేర్వాలి.

నాకు తోచినవి మూడు పనులు. వీటికి ప్రభుత్వం అక్కరలేదు, జీవోలు అక్కరలేదు. ఒకటి: పతకం తెచ్చిన పిల్లకు సభ పెడితే, ఆమెకు మొట్టమొదట పడడం నేర్పినవారిని వేదిక మీదికి పిలవండి. ఆమెకు పూలదండ వేసే చేయి వారిదే కానివ్వండి. రెండు: బడిలో దాతల పేర్లు చెక్కే పాలరాతి పక్కన, ఆట నేర్పినవారి పేర్లు, ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు నేర్పారో రాయించండి. పాలరాయి లేకపోతే నల్లరంగు చాలు. మూడు: శాలువా కన్నా పరుపు మేలు. జూడో మాస్టారికి మీరిచ్చే అసలైన సన్మానం ఆయన పిల్లలు పడే చాప. శాలువా పెట్టెలోకి పోతుంది, చాప మీద ఇంకో ఇరవైమంది పెరుగుతారు.

ఇంత చెప్పి మా మాస్టారి పేరు మీరూ రాయలేదేమని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆయన కుటుంబాన్ని అడగకుండా నలుగురిలో పెట్టడం మర్యాద కాదని ఆగాను. వచ్చే ఆదివారం వారింటికి వెళుతున్నాను. ఒప్పుకుంటే ఆ పేరు మా బడి గోడ మీదికి వెళ్తుంది. రంగుకు డబ్బు నాది, అక్షరాలు నావే. ఆ పిల్ల ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. ఆమెకూ కబురు పంపాను. రంగుడబ్బా తానే పట్టుకుంటానంది.

అరవై అయిదో పత్రం నిన్న రాత్రి రాశాను. పద్యం కాదు, వచనం. కల్పవృక్షం లేదు, కామధేనువు లేదు. చెనక్కాయ పొట్టు ఉంది, గోనెసంచులు ఉన్నాయి, టార్పాలిన్ ఉంది, వేపచెట్టు కింద నిలబడిన ఒక మనిషి ఉన్నాడు. చివర ఒకే వాక్యం: మాస్టారూ, నేను చూశాను, చెప్పలేదు, క్షమించండి.

మీ మీ ఊళ్లలో ఇలాంటివారు ఇంకా బతికే ఉంటే, ఈ టపాకు వ్యాఖ్య రాయడం తర్వాత. ముందు వెళ్లి ఒక్కసారి పలకరించి రండి.

సెలవు.