ఊరి జట్టుకు ఊరే దన్ను: చీరాల ఫుట్‌బాల్ అభిమానుల ప్రణాళిక

ప్రవేశిక

చీరాల, పేరాల, వేటపాలెం, వాడరేవు ప్రాంతాల ఫుట్‌బాల్ అభిమానులు ఏ సూత్రాల మీద ఒక్కటి కావాలో, ఊరి పేరుతో ఆడే జట్టు నుంచి ఏమి కోరాలో, దానికి తమ వైపు నుంచి ఏమి ఇవ్వాలో ఈ ప్రణాళిక నిర్దేశిస్తుంది. ఇందులో క్లబ్ అన్న మాట మైదానంలోకి దిగే పదకొండు మందితోపాటు శిక్షకులను, పిల్లల జట్లను, చందాలు కట్టే సభ్యులను, జమాఖర్చులు రాసే కార్యదర్శిని కూడా కలుపుకొన్న సంస్థకు వర్తిస్తుంది. ఆ సంస్థ గెలుపోటములను ఇంటి మంచిచెడ్డలతో సమానంగా ఎంచి, ఏళ్ల తరబడి దానిని అంటిపెట్టుకుని ఉండేవారిని ఈ ప్రణాళిక అభిమానులుగా గుర్తిస్తుంది. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్‌లకు అలవాటుపడిన ఈ పత్తి, మిరప మైదానాల్లో ఫుట్‌బాల్‌కు అటువంటి అభిమానులు తమంతట తాము పుట్టుకురారు కనుక, అభిమానం దేని మీద నిలుస్తుందో ముందుగా తెలుసుకుని, దానికి తగిన ఏర్పాట్లు చేసుకోవలసి ఉంటుంది.

అభిమానానికి ఆధారం

గెలుపు జనాన్ని రప్పిస్తుందే కాని నిలపలేదు. 1976లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్దీనీ, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన ప్రకారం, విశ్వవిద్యాలయ జట్టు గెలిచిన తర్వాతి సోమవారం విద్యార్థులు ఆ విశ్వవిద్యాలయం పేరున్న దుస్తులు ఎక్కువగా వేసుకున్నారు; గెలిచినప్పుడు ‘గెలిచాం’ అనడం, ఓడినప్పుడు ‘వాళ్లు ఓడిపోయారు’ అనడం కూడా వారిలో కనిపించింది. ఇతరుల విజయంతో తమకు ఏదో ఒక సంబంధం చూపించుకుని ఆ వెలుగులో నిలబడే ఈ ధోరణిని ‘అరువు కీర్తి’ అనవచ్చు. సినిమా విడుదలైన రోజు హాలు ముందు వెలిసే ఫ్లెక్సీలు, పాలాభిషేకాలు ఆట తప్పిన వారానికే మాయమైపోవడం తెలుగువారందరికీ తెలిసిన దాని రూపమే.

ఇందుకు భిన్నమైన అభిమానం కూడా ఈ నేలకు తెలుసు. సంక్రాంతికి, శివరాత్రి తిరునాళ్లకు జరిగే ఎడ్ల బండలాగుడు పోటీల్లో జత బరిలోకి దిగగానే మైకులో యజమాని పేరుతోపాటు ఊరి పేరు వినిపిస్తుంది. నిర్ణీత సమయంలో జత బండను ఎన్ని అడుగులు లాగిందో టేపుతో కొలిచి ప్రకటించేదాకా, ట్రాక్టర్లెక్కి వచ్చిన ఆ ఊరి జనం అక్కడి నుంచి కదలరు. ఆ ఎడ్లకు మేత వేసినవారు, వాటిని పొలం గట్టున రోజూ చూసినవారు ఆ గుంపులో ఉండడమే ఇందుకు కారణం. గెలుపు ఒక్కటే కారణమైతే వెనకబడిన జతల ఊళ్లవారు మొదటి కొలతకే ఇంటిదారి పట్టేవారు.

అటువంటి బంధం లేనిచోట గెలుపు ఒక్కటే అభిమానాన్ని నిలపలేదని హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర పెద్ద స్థాయిలో చూపిస్తుంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అయితే ఆటగాళ్లను ఉద్యోగులుగా చేర్చుకుని ప్రభుత్వ విభాగమే నడిపే ఇటువంటి శాఖ జట్టు బతుకు ఆ శాఖ నియామకాలతో ముడిపడి ఉంటుంది. వాటిలో పట్టు సడలితే దానిని నిలబెట్టే అధికారం గ్యాలరీలో కూర్చున్నవారికి ఉండదు. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. కాని కరోనా కారణంగా ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరగడంతో, జట్టు కప్పు గెలిచిన ఏడాది గచ్చిబౌలి స్టేడియంలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా చూసే అవకాశం సొంత ఊరివారికి దొరకలేదు. యాజమాన్యం మారాక 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలి, పేరు కూడా మార్చుకుంది.

కలకత్తాలో పరిస్థితి వేరు. 1889 నాటి మోహన్ బగాన్, 1920 నాటి ఈస్ట్ బెంగాల్ క్లబ్‌ల అభిమానం అక్కడ ఇంటిపేరు మాదిరిగా తండ్రి నుంచి బిడ్డకు సంక్రమిస్తుంది. తూర్పు బెంగాల్ మూలాలున్న కుటుంబాలు ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజు పులస జాతి చేపను, మోహన్ బగాన్ అభిమానులు తమ జట్టు గెలిచిన రోజు రొయ్యలను వండుకోవడం ఆనవాయితీ. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి, ఆ జనం తమవాడనుకునేంతగా ఎదిగి, జీవిత చరమాంకం వరకు బెంగాల్‌లోనే ఉండిపోయారు. క్లబ్ ఊరిలో వేళ్లూనుకుంటే పరాయి ఊరి ఆటగాడు కూడా ఆ ఊరివాడవుతాడు. వేళ్లూనకపోతే సొంత ఊరి కప్పు కూడా పరాయిదవుతుంది.

ఈ ఆధారాల మీద ఈ ప్రణాళిక తేల్చి చెప్పేది ఒక్కటే: క్లబ్‌లో తన వంతు ఉన్న మనిషి మాత్రమే జీవితకాలపు అభిమాని అవుతాడు. కింది సూత్రాలన్నీ ఆ వంతును ఎలా కల్పించాలో, ఎలా కాపాడాలో చెప్పేవే.

సూత్రాలు

1. ఊరి పేరు అమ్మకానికి లేదు. ఊరి పేరు పెట్టుకున్న క్లబ్ సభ్యుల అనుమతి లేకుండా మైదానాన్ని గాని, పేరును గాని, రంగులను గాని మార్చరాదు. లండన్‌లోని వింబుల్డన్ క్లబ్‌ను మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలించేందుకు 2002లో అనుమతి లభించినప్పుడు, దాని అభిమానులు అదే ఏడాది ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్ పెట్టుకుని, చిన్న లీగుల్లో మొదలై 2011లో ఫుట్‌బాల్ లీగ్‌కు ఎదిగి, 2020లో తమ పాత ప్రాంతమైన ప్లౌ లేన్‌కు తిరిగివచ్చారు. చీరాలకు ఇటువంటి పట్టుదల కొత్త కాదు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచినందుకు నిరసనగా, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన జనం ఇళ్లు వదిలి, ఊరి బయట రామనగర్ అనే తాత్కాలిక నివాసంలో దాదాపు పదకొండు నెలలు గడిపారు. ఆయన తీర్చిదిద్దిన రామదండు, అంటే స్వచ్ఛంద సేవకుల దళం, ఆ ఉద్యమానికి అండగా నిలిచింది. తమను అడగకుండా పైనుంచి చేసిన నిర్ణయాన్ని ఒప్పుకోని ఊరి పేరుతో ఆడే జట్టు, ఆ ఊరిని అడగకుండా ఏదీ నిర్ణయించరాదు.

2. చందా కట్టినవారికి ఓటు, పని చేసినవారికీ ఓటు. జర్మనీలో 1998 నుంచి అమలులో ఉన్న ‘50+1’ నిబంధన ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, పెట్టుబడిదారు ఎవరైనా సగానికి మించిన ఓటు హక్కు క్లబ్ సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. చీరాలలో దాత ఎంత పెద్దవాడైనా అతనికి ఒక్కటే ఓటు. డబ్బు ఇవ్వలేనివారి శ్రమను చందాగా లెక్కించాలి: గోల్ వల తెగితే ముడివేయగల చేతులకు వాడరేవులో కొదవ లేదు; నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాళ్లను సముద్రాలు దాటించిన చీరాలలో, గోతిలో కాళ్లు దించి తొక్కుతూ నేసే గుంట మగ్గం మీద క్లబ్ రంగుల కండువా నేయించుకోకుండా సూరత్ నుంచి తెప్పించుకోవడం తగదు. తాను నేసిన కండువా మరొకరి మెడలో చూసిన నేతగాడికి ఆ జట్టు మీద కలిగే మక్కువ ఏ ప్రకటన వల్లా కలగదు.

3. గ్యాలరీలో కులానికి, పార్టీకి, సినిమా హీరోకు చోటు లేదు. అభిమాన సంఘాలు కులాల వారీగా చీలిపోవడం తెలుగు సమాజంలో బహిరంగ సత్యం. 1985 జులై 17న కారంచేడులో దళితులపై హత్యాకాండ జరిగినప్పుడు ప్రాణాలు దక్కించుకున్నవారు తలదాచుకున్నది చీరాలలోనే. ఆ చరిత్ర ఉన్న ఊరి క్లబ్‌లో కూర్చునే చోటు, ఆటగాళ్ల ఎంపిక, సారథి పదవి, మంచినీళ్ల గ్లాసు, వీటిలో ఏ ఒక్కదానిలోనైనా తేడా చూపినవారి సభ్యత్వం రద్దవుతుంది. ఏ నాయకుడి బొమ్మా క్లబ్ జెండా మీదికి ఎక్కదు.

4. ముందు వరుస పిల్లలది. అమెరికా బేస్‌బాల్ అభిమానులపై ఫేస్‌బుక్ సమాచారం ఆధారంగా 2014లో వెలువడిన విశ్లేషణ, ఎనిమిదేళ్ల ప్రాయంలో జట్టు సాధించిన విజయం మగపిల్లలను పెద్దయ్యాక కూడా ఆ జట్టుకు కట్టిపడేస్తుందని తేల్చింది. కనుక పన్నెండేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. బడికో జట్టు, అందులో ఆడపిల్లల జట్టు తప్పనిసరి. స్త్రీలకు మరుగుదొడ్డి, ఆట ముగిశాక దారి పొడవునా దీపాలు లేని మైదానంలో మ్యాచ్ పెట్టరాదు. ఇంట్లో తల్లికి తెలియని జట్టు బిడ్డకు వారసత్వంగా రాదు.

5. ఆటల క్యాలెండర్ పనుల క్యాలెండర్‌ను అనుసరించాలి. మిరపకోతలు, పొగాకు పనులు ముమ్మరంగా సాగే రోజుల్లో పగటి మ్యాచ్‌లు పెట్టి, జనం రాలేదని నిందించడం అన్యాయం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అరవై ఒక్క రోజులు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. పడవలు ఒడ్డుకు చేరే ఆ రోజుల్లో ఎండ తగ్గాక వాడరేవు వైపు మ్యాచ్‌లు జరపాలి. మిగతా కాలంలో మ్యాచ్ వారం, వేళ మారకూడదు. అలవాటు కుదరని చోట అభిమానం కుదరదు.

6. ప్రతి మ్యాచ్‌కూ రాత ఉండాలి. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలను పోగొట్టకుండా దాచినందువల్లే నేటి పరిశోధకులకు నాటి ఆంధ్ర దేశం అందుబాటులో ఉంది. అదే శ్రద్ధతో తేదీ, ఆటగాళ్ల పేర్లు, గోల్స్ కొట్టినవారు, రిఫరీ, వసూలైన మొత్తం, ఖర్చు ఒక పుస్తకంలో రాసి, సభ్యులెవరు అడిగినా చూపాలి. ఓడిన మ్యాచ్‌ల పేజీలు చింపరాదు.

7. ఎదుటి జట్టు అతిథి. ఒంగోలు నుంచి వచ్చినా, గుంటూరు నుంచి వచ్చినా ఎదుటి ఆటగాళ్లకు ముందు మంచినీళ్లు, తర్వాతే పోటీ. రిఫరీ మీద చెయ్యి చేసుకున్నవారికి, ఎదుటివారిని ఇంటి ఆడవాళ్ల పేరెత్తి తిట్టినవారికి ఏడాదిపాటు మైదానంలోకి ప్రవేశం ఉండదు.

అమలు

ఈ ప్రణాళికను సభ్యులందరి బహిరంగ సభ మూడింట రెండు వంతుల మెజారిటీతో సవరించవచ్చు. మొదటి సూత్రాన్ని మాత్రం ఏ సభా సవరించరాదు. జమాఖర్చులను ఏటా అదే సభలో చదివి వినిపించాలి. సభ్యత్వ పునరుద్ధరణకు గడువు సీజన్ ఆఖరి మ్యాచ్ ముగిసిన సాయంత్రం మైదానంలోనే మొదలై వారంపాటు ఉంటుంది. ఆ సాయంత్రం జట్టు ఓడినా బల్ల వేయాలి, పుస్తకం తెరవాలి. గెలిచిన ఏడాది చేరినవారికి, ఓడిన ఏడాది చేరినవారికి చందా ఒక్కటే అయినా, వరుసగా ఐదేళ్లు కట్టినవారికే కార్యవర్గానికి పోటీచేసే అర్హత లభిస్తుంది.