ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో ఉండాలి?

ఏ ఇంజినీరింగ్ కాలేజీ గేటు దగ్గర చూసినా ఒక ఫ్లెక్సీ కనిపిస్తుంది. వరసగా ఫోటోలు, కింద పేర్లు, పేరు పక్కన ప్యాకేజీ. ఎక్కువ లక్షలు వచ్చినవాళ్ల ఫోటో పెద్దగా, తక్కువ వచ్చినవాళ్లది స్టాంపు సైజులో. అడ్మిషన్ల టైంలో తల్లిదండ్రులు ముందు చూసేది దాన్నే. మా నాన్న కూడా చూశారు. అందులో తప్పేం లేదు, ఫీజు కట్టేది ఆయనే కదా.

నా ప్రశ్న వేరే. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్లు ఇంకా ఉద్యోగంలో చేరనే లేదు. ఒక్క రోజు పని కూడా చేయలేదు. అయినా మనం వాళ్లకి "విశిష్ట విద్యార్థులు" అని పేరు పెట్టేశాం. పని మొదలవకముందే విశిష్టత ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి జవాబు వెతకడానికి మనం చాలా దూరం వెళ్లక్కర్లేదు. నర్సాపూర్‌లో హైదరాబాద్ బస్సెక్కితే గుమ్మడిదల దాటాక దుండిగల్ వస్తుంది. ఎయిర్ ఫోర్స్ అకాడమీ అక్కడే ఉంది. 1967లో అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. 1971లో శిక్షణ మొదలైంది. వైమానిక దళంలో ఆఫీసర్ అయ్యేవాళ్లు శిక్షణ పూర్తి చేసుకుని ఏటా జూన్‌లో, డిసెంబర్‌లో అక్కడ పరేడ్ చేసి బయటికొస్తారు. మనలో చాలామందికి మాత్రం అది బస్సు కిటికీలోంచి కనిపించే ఒక గోడ, అంతే. దాని వెనక నుంచి ఎవరెవరు వచ్చారో చూస్తే నాకైతే మన ఫ్లెక్సీ చాలా చిన్నగా కనిపించింది.

2016 జూన్ 18న జరిగిన పరేడ్‌లో మన దేశపు మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు బయటికొచ్చారు. అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్. పేర్లు మీరు వినే ఉంటారు. ఎక్కువమందికి తెలియనిది ఏంటంటే, ఆ ముగ్గురూ మనలాగే ఇంజినీరింగ్ చదివినవాళ్లు. అవనిది మన బ్రాంచే, కంప్యూటర్ సైన్స్. భావన బెంగళూరులో మెడికల్ ఎలక్ట్రానిక్స్ చేసింది. మోహన అమృత్‌సర్‌లో ఈసీఈ. భావనకి చదువు అవగానే ఐటీ ఉద్యోగం కూడా వచ్చింది. అంటే మన లెక్కలో ఆమె కథ అక్కడితో సుఖాంతం. ఫ్లెక్సీ మీద ఫోటో, ఇంట్లో స్వీట్లు, బంధువులకి ఫోన్లు.

కానీ వాళ్ల గురించి చెప్పుకోవాల్సినవన్నీ పరేడ్ తర్వాతే జరిగాయి. 2018 ఫిబ్రవరిలో అవని ఒక్కతే మిగ్-21 నడిపింది. 2019లో భావన పగటిపూట యుద్ధ విధులకి అర్హత సాధించిన మొదటి మహిళా పైలట్ అయింది. మోహన 2024లో తేజస్ స్క్వాడ్రన్‌లో చేరింది. పరేడ్ అయిన రోజు పేపర్లన్నీ ఫోటోలు వేశాయి, నిజమే. ఆ రోజే వాళ్ల కథ ముగిసిపోయి ఉంటే ఈరోజు మనకి చెప్పుకోవడానికి ఒక ఫోటో మాత్రమే మిగిలేది.

ఇంకో ఉదాహరణ చూడండి. 2024 ఫిబ్రవరిలో గగన్‌యాన్ కోసం ఎంపికైన నలుగురి పేర్లు ప్రకటించారు. ప్రశాంత్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లా. నలుగురూ వైమానిక దళం టెస్ట్ పైలట్లే. అకాడమీలో బ్యాచ్ మొత్తంలో బెస్ట్ అనిపించుకున్నవాళ్లకి "స్వోర్డ్ ఆఫ్ ఆనర్" అని ఒక ఖడ్గం ఇస్తారు. మన భాషలో చెప్పాలంటే గోల్డ్ మెడల్ లాంటిది. ఈ నలుగురిలో నాయర్‌కి, కృష్ణన్‌కి ఆ ఖడ్గం వచ్చింది. ప్రకటించిన పరిచయాల్లో శుక్లా పేరు పక్కన దాని ప్రస్తావన లేదు.

2025 జూన్ 25న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయల్దేరింది శుక్లా. రాకేశ్ శర్మ 1984లో వెళ్లొచ్చాక 41 ఏళ్లకి మళ్లీ ఒక భారతీయుడు భూకక్ష్యలోకి వెళ్లాడు. ఆ రాకేశ్ శర్మ చదువుకుంది మన హైదరాబాద్‌లోనే, నిజాం కాలేజీలో. శుక్లా ప్రయాణానికి బ్యాకప్‌గా సిద్ధమైంది ఎవరో తెలుసా? ఖడ్గం అందుకున్న నాయర్. మొత్తం ట్రైనింగ్ చేసి, ఏ క్షణంలో పిలిచినా వెళ్లడానికి రెడీగా ఉండి, చివరికి నేల మీద ఆగిపోయాడు.

ఇందులో ఎవరు గొప్ప? ఆ ప్రశ్నే సరైనది కాదని నాకనిపిస్తుంది. బ్యాకప్ లేకుండా ఏ మిషనూ కదలదు. సర్వర్లకి బ్యాకప్ ఎందుకో చదువుకునే మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కాలేజీలో ఫస్ట్ వచ్చినవాడే జీవితంలో ఫస్ట్ అనే లెక్క అక్కడే చెల్లలేదు, ఇక్కడ ఎలా చెల్లుతుంది? ఇరవై ఒక్క ఏళ్లకి వేసే ర్యాంకుకి అంతకు మించి అర్థం ఉండదు.

సరే, డబ్బుని బట్టి కాకపోతే పేరుని బట్టి లెక్కేద్దామా? అందులోనూ ఇబ్బంది ఉంది. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్‌లో చదివారు. తర్వాత నేషనల్ డిఫెన్స్ అకాడమీ. 2004లో ఆర్మీలో ఆఫీసర్ అయ్యారు. 2020 జూన్ 15న గల్వాన్‌లో చనిపోయారు. మహావీర చక్ర ఇచ్చారు, సూర్యాపేటలో విగ్రహం పెట్టారు. అన్నీ సబబే. కానీ 2020 జూన్ 14న మనలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? అప్పటికే పదిహేనేళ్లకి పైగా పని చేసిన మనిషి. ఒక బెటాలియన్‌కే కమాండింగ్ ఆఫీసర్. మనకి ఆయన ఒక్క రాత్రిలో పరిచయమయ్యారు, అదీ పోయాక. బతికుండగా ప్యాకేజీ, పోయాక విగ్రహం. మధ్యలో మనిషి చేసే పనికి మన దగ్గర కాలమ్ లేదు.

ఆ విగ్రహం కూడా అందరికీ దొరకదు. 2023 డిసెంబర్ 4 ఉదయం దుండిగల్ నుంచి లేచిన ఒక పిలాటస్ శిక్షణ విమానం మన మెదక్ జిల్లాలోనే, తూప్రాన్ మండలం రావెల్లి దగ్గర కూలిపోయింది. అందులో ఇద్దరున్నారు. ఒకరు నేర్పేవారు, ఒకరు నేర్చుకునేవారు. ఇద్దరూ చనిపోయారు. ఊళ్లో ఎవరికీ ఏమీ కాలేదు. మనం రెండు రోజులు దాని గురించి మాట్లాడుకుని, తర్వాత మర్చిపోయాం.

అంతకుముందు 2009 జూలై 31న కూడా అప్పటి మెదక్ జిల్లాలోనే హెచ్‌పీటీ-32 అనే శిక్షణ విమానం కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. ఆ తర్వాత ఆ రకం విమానాలన్నిటినీ ఎగరకుండా ఆపేశారు. 2013లో వాటి స్థానంలో వచ్చినవే ఈ పిలాటస్‌లు. అంటే ఆ తర్వాత అకాడమీలో ఎవరు ఏ విమానం మీద నేర్చుకున్నారన్నది ఆ ఇద్దరి చావుతో ముడిపడి ఉంది. పైన చెప్పిన ముగ్గురు అమ్మాయిలతో సహా. ఆ ఇద్దరి పేర్లు ఏ "ప్రముఖ పూర్వ విద్యార్థుల" లిస్టులోనూ కనబడవు. రావెల్లిలో పోయిన ఆ కేడెట్ అయితే గ్రాడ్యుయేట్ కూడా కాలేదు, లిస్టులో చేరే చాన్సే లేదు. ఎగరడం నేర్పుతూ పోయిన ఆ టీచర్ ఏ లిస్టులోకి వస్తారు?

ఇది చదివి "అయితే అందరం మిలటరీలో చేరాలా?" అని నా రూమ్మేట్ అడిగాడు. నేను ఆ మాట అనట్లేదు. మనలో చాలామంది మీద ఎడ్యుకేషన్ లోన్ ఉంది. ఇంట్లో చెల్లి పెళ్లి ఉంటుంది, నాన్న బీపీ మందులుంటాయి. ప్యాకేజీ ముఖ్యం కాదని చెప్పడానికి నాకేం హక్కుంది? మంచి జీతం కోసం కష్టపడేవాణ్ణి నేను చిన్నచూపు చూడను, ఎందుకంటే నేనూ ఆ లైన్లోనే నిలబడ్డాను. ఆసక్తి ఉన్నవాళ్లకి ఒక మాట మాత్రం చెప్తాను. ఏఎఫ్‌క్యాట్ అనే పరీక్ష ఏటా రెండుసార్లు పెడతారు. ఫైనల్ ఇయర్‌లో ఉండగానే రాయొచ్చు. మన బ్రాంచ్ వాళ్లకి టెక్నికల్ విభాగంలో కూడా దారి ఉంది. ప్లేస్‌మెంట్ క్లాసుల్లో ఈ ముక్క చెప్పగా నేను వినలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

నేను అడిగేది ఇంకా చిన్నది. జీతం అంటే మనకి వచ్చింది. విశిష్టత అంటే మనం చేసింది. ఈ రెండిటినీ ఒకే ఫ్లెక్సీ మీద కలిపేయొద్దు. ప్లేస్‌మెంట్ లిస్టుని ప్లేస్‌మెంట్ లిస్టు అనే పిలుద్దాం, బాధేం లేదు. విశిష్ట పూర్వ విద్యార్థులు అనే మాటని మాత్రం పదేళ్ల కింద ఇక్కడి నుంచి వెళ్లినవాళ్ల కోసం దాచిపెడదాం. వాళ్ల పేరు పక్కన అంకె కాకుండా ఒక్క వాక్యం ఉండాలి: ఏం చేశారు? ఒక అక్క ఊళ్లో స్కూలుకి ల్యాబ్ పెట్టించి ఉండొచ్చు. ఒక అన్న అర్ధరాత్రి లేచి ఆసుపత్రి సర్వర్ పడిపోకుండా కాపాడి ఉండొచ్చు. ఒకరు ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్తూ ఉండొచ్చు. జీతం తక్కువని వాళ్ల ఫోటో ఇన్నాళ్లూ ఫ్లెక్సీ ఎక్కి ఉండదు.

మన క్లబ్బు ఈ పని మొదలుపెట్టొచ్చు. వచ్చే సంచిక నుంచి ప్రతిసారీ ఒక పాత సీనియర్‌కి ఫోన్ చేద్దాం. "ఎంత వస్తుంది అన్నా?" అని ఎలాగూ ఊళ్లో అందరూ అడుగుతారు. మనం "ఏం చేస్తున్నారు, ఎవరికి పనికొస్తోంది?" అని అడుగుదాం. ఇద్దరు సీనియర్ల నంబర్లు ఇప్పటికే నా దగ్గరున్నాయి. మీకు తెలిసినవాళ్లు ఉంటే పంపండి.