ఆ చెయ్యి ఎక్కడ నేర్చింది?

స్కూలు డైరీలో ఎర్ర ఇంకుతో రెండు ముక్కలు రాసి వస్తాయి. 'మీ అబ్బాయి తోటి పిల్లల్ని కొడుతున్నాడు. ఒకసారి వచ్చి కలవండి' అని. ఇక ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? డైరీలో సంతకం కంటే ముందు పిల్లాడి వీపు మీద వాతలు తేలతాయి. కొందరు తండ్రులు ఇంటికి వచ్చేదాకా కూడా ఆగరు. హెడ్మాస్టర్ గది బయటే, నలుగురూ చూస్తుండగానే చెంప చెళ్లుమనిపిస్తారు. 'పరువు తీశావ్ కదరా' అంటూ. చూసేవాళ్లు కూడా 'ఆ మాత్రం భయం లేకపోతే ఎలా' అని తలలూపుతారు.

కొట్టడం తప్పని కొట్టి చెబితే వాడికేం అర్థమవుతుంది? తనకంటే చిన్నవాణ్ని కొట్టడంలో తప్పులేదు, పెద్దవాడికి దొరికిపోవడమే తప్పు... అంతే.

బుల్లీయింగ్‌కి మనకు సరిగ్గా అతికే తెలుగు మాట లేదు. 'ఏడిపించడం' అంటాం. అందులో సరదా ఉంది, ఏడుపూ ఉంది. మనకు వినిపించేది మాత్రం సరదానే. 'పిల్లలన్నాక ఏడిపించుకోరా ఏంటి' అని తేల్చేస్తాం. స్కాండినేవియా దేశాల్లో 1970ల నుంచి దీని మీద పరిశోధన చేసిన డాన్ ఓల్వేయస్ అనే సైకాలజిస్టు దీనికి మూడు గుర్తులు చెప్పాడు. కావాలని చేయడం, పదేపదే చేయడం, తిరగబడలేని వాణ్ని ఎంచుకుని చేయడం. ఈ మూడింటినీ స్కూలు నుంచి తీసుకొచ్చి ఇంట్లో పెట్టి చూడండి. భార్య మీద చెయ్యి చేసుకునే మగాడికి అచ్చంగా సరిపోవడం లేదూ?

ఇది మాటల పోలిక మాత్రమే కాదు. అమెరికాలోని బోస్టన్‌లో ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లు 1,491 మందిని పరిశోధకులు అడిగారు. స్కూల్లో ఉండగా తోటివాళ్లని వేధించేవారా, ఇప్పుడు భార్యని గానీ, జత కట్టిన అమ్మాయిని గానీ హింసిస్తున్నారా అని. 2011లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం స్కూల్లో తరచూ వేధించామని ఒప్పుకున్నవాళ్లు ఇంట్లో హింసకు దిగే అవకాశం మిగతావాళ్ల కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. అదే ఏడాది మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్కూలు పిల్లల సర్వే ఒకటి బయటికొచ్చింది. అది రెండో కొసని చూపించింది. ఇంట్లో దెబ్బలు తిన్నామని, ఇంట్లో కొట్లాటలు చూశామని చెప్పినవాళ్లు వేధించే పిల్లల్లోనే ఎక్కువ. అటు వేధిస్తూ ఇటు వేధింపులకు గురవుతూ ఉండే పిల్లల్లోనూ అంతే.

అంటే చెయ్యి ఇంట్లో నేర్చుకుంటోంది, స్కూల్లో సాధన చేస్తోంది, మళ్లీ తన సొంత ఇంటికే వెళ్తోంది!

ఎలా నేర్చుకుంటుందో ఒక చిన్న ఉదాహరణ. మంచినీళ్ల కుళాయి దగ్గర పిల్లలు తోసుకుంటున్నారు. ఒకడి మోచెయ్యి ఇంకొకడికి తగిలింది. మామూలు పిల్లాడైతే 'చూసుకోరా' అని ఊరుకుంటాడు. రోజూ ఇంట్లో దెబ్బలు తినేవాడికి అది ప్రమాదవశాత్తూ తగిలిన మోచెయ్యిలా అనిపించదు. కావాలనే కొట్టాడనుకుంటాడు. కొట్టేస్తాడు. 1990లో 'సైన్స్' పత్రికలో ముగ్గురు అమెరికన్ పరిశోధకులు ఈ సంగతే రాశారు. ఇంట్లో దెబ్బలు తిన్న చిన్నపిల్లలు ఎదుటివాళ్ల చేష్టల్లో లేని పగని చూస్తారని. పాపం, వాడి తప్పేముంది? నాన్న గేటు తీసిన చప్పుడు బట్టే ఆయన మూడ్ ఎలా ఉందో కనిపెట్టాల్సిన ఇల్లు వాడిది. ముందే పసిగట్టకపోతే దెబ్బ తినాలి. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారని సామెత చెప్పుకుని నవ్వుకుంటాం. స్కూల్లో ఆ దుత్త మూడో బెంచీలో కూర్చున్న బక్కపిల్లాడు.

ఇంకో సంగతి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్లనీ మగవాళ్లనీ ఒక ప్రశ్న అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్తే, వంట సరిగా చేయకపోతే, అత్తమామల్ని గౌరవించకపోతే... ఇలాంటి ఏడు కారణాల్లో ఏ ఒక్కదానికైనా భర్త కొట్టడం సబబేనా అని. సబబేనన్న ఆడవాళ్లు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు 84 శాతం. మగవాళ్లు తెలంగాణలో దాదాపు 71, ఆంధ్రలో 67 శాతం. మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ మంది సరేనన్నారు! నాకైతే దెబ్బల లెక్క కంటే ఈ లెక్కే ఎక్కువ భయపెట్టింది. దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన కూతుర్ని మనం మొదట అడిగేది 'నువ్వేమన్నావే?' అని. స్కూల్లో దెబ్బలు తిని వచ్చిన పిల్లాణ్ని అడిగేదీ అదే. 'నువ్వేం చేశావ్ రా?' ఈ ప్రశ్నని గుమ్మం పక్కన నిలబడి వినే పిల్లలు, తిన్నవాడిదే తప్పన్నమాట అనుకుంటారు.

ఇంట్లో గొడవలున్న ప్రతి పిల్లాడూ రౌడీ అవుతాడని కాదు. కొందరు నోరు విప్పరు, ఎవరు తోసినా పడతారు. వాళ్లనీ గమనించాలి, వాళ్లు ఫిర్యాదు చేయరు కాబట్టి మరీ గమనించాలి. అలాగే వేధించే ప్రతివాడి ఇంట్లోనూ హింస ఉండాలనీ లేదు. కానీ ఏడేళ్ల పిల్లాడు వాళ్లమ్మతో 'నీకేం తెలుసు, నోర్ముయ్' అన్నాడంటే ఆ మాట ఎవరిదో వెతుక్కోనక్కర్లేదు.

తల్లులకు ఒక మాట. కంటి కింద కమిలితే 'బాత్‌రూమ్‌లో జారిపడ్డా' అని పిల్లలకు చెప్పకండి. పక్క గదిలోంచి వాళ్లు అంతా విన్నారు. 'నాన్న చేసింది తప్పు. నీ వల్ల జరిగింది కాదు' అని చెప్పండి. 2005 గృహహింస చట్టం కింద భార్యకి అదే ఇంట్లో ఉండే హక్కు ఉంది, మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వులు ఇవ్వొచ్చు, పిల్లల్ని తాత్కాలికంగా తల్లి దగ్గర ఉంచమనీ చెప్పొచ్చు. 181కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. పిల్లలకైతే 1098.

టీచర్లకి... 'ఎందుకు కొట్టావ్' అంటే తల దించుకుంటాడు. 'ఇంట్లో అంతా బాగుందా' అంటే బాగుందనే చెబుతాడు. ఒంటరిగా కూర్చోబెట్టుకుని 'రాత్రి నిద్రపట్టిందా?' అని అడిగి చూడండి. వాడు చెప్పింది విన్నాక తండ్రిని పిలిపించి వరండాలో నిలదీయొద్దు. ఆ రాత్రి దెబ్బలు పడేది వాడికి, లేదంటే వాళ్లమ్మకి. ముందు ఆవిణ్ని ఒక్కదాన్నే రమ్మని కబురు పెట్టండి, డైరీలో రాయకుండా.